గడువు దాటిన చదువు: నసీబు మీద నెపం వేయవద్దు

మా బస్తీలో ఒక అమ్మాయి ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చదువుకుంటోంది. నాలుగు నెలల పాటు పాఠాలన్నీ విన్నది. అసైన్‌మెంట్లన్నీ సమర్పించింది. తీరా పరీక్ష రుసుము కట్టవలసిన రోజున ఓటీపీ రాలేదు. చేరేటప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు అన్నది. ఆ అబ్బాయి బతుకుతెరువు కోసం దమ్మాం వెళ్ళాడు. ఇక్కడి సిమ్ రీచార్జి లేక ఆగిపోయింది. నంబరు మార్చమని ఆమె పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు వచ్చేసరికి గడువు ముగిసింది. ఇంట్లో పెద్దలు "నసీబులో లేదులే బేటీ" అన్నారు. మరుసటి నెల నుంచే సంబంధాలు వెతకడం మొదలుపెట్టారు.

నసీబు అనే మాటను ఇక్కడ వాడడానికి మేము అంగీకరించము. ఆగిపోయిన ఒక సిమ్ కార్డు ఒక ఆడపిల్ల చదువును ఆపగలిగిందంటే, అందులో మన నిర్లక్ష్యం కొంత, సంస్థల ఉదాసీనత కొంత ఉన్నాయి. రెండింటినీ సరిదిద్దుకోవచ్చు.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలిసింది. 1998లో అదే నగరంలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం వేదికను ప్రారంభించింది. పగలంతా మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రవాడికి, దూరపు కాలేజీకి పంపడానికి ఇంట్లో జంకే ఆడపిల్లకు ఇవి తెరిచిన తలుపులు. అయితే ఈ తలుపులు తేదీల ప్రకారం తెరుచుకుంటాయి, తేదీల ప్రకారమే మూసుకుంటాయి. ఈ సంగతి ముందే గ్రహించినవారే లోపలికి వెళ్ళగలుగుతారు.

మన పిల్లలకు ఎదురయ్యే మొదటి చిక్కు పేరుతోనే మొదలవుతుంది. పదవ తరగతి మెమోలో 'ఎస్.కె.', ఆధార్‌లో 'షేక్', బ్యాంకు పుస్తకంలో 'షైక్' అని ఉంటుంది. ఒకచోట 'ఎండి.', ఇంకొకచోట 'మొహమ్మద్' అని ఉంటుంది. మనిషి చూస్తే ఒక్కరేనని తెలుస్తుంది. కంప్యూటరుకు తెలియదు. అక్షరం తేడా వస్తే దరఖాస్తు తిరస్కరిస్తుంది. దీనిని చివరి వారంలో సరిదిద్దడం అసాధ్యం. పిల్లవాడు పదవ తరగతిలో ఉండగానే, మెమోలో పడబోయే పేరే ఆధార్‌లోనూ బ్యాంకులోనూ ఉండేలా తల్లిదండ్రులు చూసుకోవాలి.

రెండవది ఫోను. ఇంటికి ఒకే ఫోను, అదీ తండ్రి జేబులో ఆటోతో పాటు ఊరంతా తిరుగుతుంటే చదువు సాగదు. కొత్త ఫోను కొనలేకపోవచ్చు. చదువుకునే బిడ్డ పేరిట ఒక సిమ్, ఒక ఈమెయిలు మాత్రం తప్పనిసరి. ఆడపిల్లకు ఫోను ఇస్తే చెడిపోతుందనే భయం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. 2019లో కేరళ హైకోర్టులో ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని గెలిచిన కేసును ఇక్కడ గుర్తు చేయాలి. హాస్టలులో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ఫోను వాడరాదన్న నియమాన్ని ఆమె ప్రశ్నించింది. ఇంటర్‌నెట్‌ను వినియోగించుకునే హక్కు విద్యాహక్కులో భాగమని ఆ న్యాయస్థానం తేల్చింది. హాస్టలుకు వర్తించిన న్యాయం మన ఇంటికి ఎందుకు వర్తించదు?

మూడవది కాలం. రోజుకు 5 సార్లు వేళ తప్పక నమాజుకు నిలబడే సమాజానికి సమయపాలన ఒకరు నేర్పవలసినది కాదు. ఫజ్ర్ తరువాత ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, నెట్‌వర్కు మీద ఒత్తిడీ తక్కువగా ఉంటుంది. పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోవడానికి అంతకంటే మంచి వేళ లేదు. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. కోర్సులో చేరిన రోజే ఆ నెల ఏ వారాల్లో పడుతుందో గుర్తు పెట్టుకుని, ఆ పనిని కొంత ముందుగానే ముగించుకోవాలి. అసైన్‌మెంట్ గడువు ఆదివారమైతే మన గడువు శుక్రవారం అనుకోవాలి. ఆఖరి గంటలో కరెంటు పోవచ్చు, సైటు మొరాయించవచ్చు. రెండు రోజుల ముందు పోతే అది చిన్న ఇబ్బంది, ఆఖరి గంటలో పోతే ఒక సంవత్సరం నష్టం.

ఒక వారం తప్పిందని కోర్సునే వదిలేయడం మరొక పొరపాటు. ఉదాహరణకు ఎన్‌పీటీఈఎల్ 12 వారాల కోర్సుల్లో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్ల సగటునే లెక్కిస్తారు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75 మార్కులు ఉంటాయి. కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షకు నమోదైనట్లు కాదు, దానికి వేరే దరఖాస్తు, వేరే గడువు ఉంటాయి. నియమాలు చదవకపోవడం వల్ల నష్టపోయేవారే ఎక్కువ.

ఇంత జాగ్రత్త పడినా తప్పు సంస్థదే అయితే ఏం చేయాలి? ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన మాకు ఒక సత్యం తెలుసు. నోటిమాటగా చెప్పిన కష్టానికి ఫైలు తెరుచుకోదు. సైటు పనిచేయకపోతే తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి. ఆ గంటలోనే ఈమెయిలు పంపాలి. ఫిర్యాదు సంఖ్యను రాసి పెట్టుకోవాలి. యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం విద్యాసంస్థల్లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. ఆ నిర్ణయంతో తృప్తి చెందకపోతే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మైనారిటీ విద్యార్థుల పట్ల వివక్ష కూడా ఈ ఫిర్యాదుల పరిధిలోకి వస్తుంది. ఈ హక్కును వాడుకున్నవారు మన బస్తీలో ఎందరు?

సంస్థలను కూడా అడగాలి. సర్వరు వాళ్ళది ఆగిపోతే గడువు పెంచడం వాళ్ళ దయ కాదు, బాధ్యత. నంబరు మార్పు వంటి చిన్న దరఖాస్తు గడువులోపు తేలకపోతే, ఆ ఆలస్యానికి విద్యార్థిని శిక్షించడం అన్యాయం.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒకటే. మస్జిద్‌కు ఆనుకుని ఉన్న గదుల్లో ఒకదానిలో ఇంటర్‌నెట్, ఇన్వర్టర్, రెండు పాత కంప్యూటర్లు ఏర్పాటు చేయండి. ఆడపిల్లలకు వేరుగా వేళలు కేటాయించండి. పరీక్షల గడువు తేదీలను నమాజు వేళల పట్టిక పక్కనే అతికించండి. జుమా నాడు ఒక్క నిమిషం వాటిని చదివి వినిపించండి. దీనికి పెద్ద చందాలు అక్కరలేదు, పట్టించుకునే నలుగురు చాలు.

ఆ అమ్మాయి తండ్రితో మేము రెండుసార్లు మాట్లాడాము. మొదటిసారి ఆయన తల ఊపి ఊరుకున్నాడు. రెండవసారి ఆమె తల్లి లోపలి నుంచే "ఇంకొక్కసారి చూద్దాం" అన్నది. సంబంధాల మాట ప్రస్తుతానికి ఆగింది. ఆమె మళ్ళీ చేరింది. దరఖాస్తులో ఈసారి రాసిన నంబరు ఆమెదే.