చదును చేసిన మార్కుల పట్టిక

జావాస్క్రిప్టు నేర్చుకొనుచున్న మన పై తరగతుల విద్యార్థులలో నొక తొందర కనబడుచున్నది. వరుసలలో వరుసలుగా నమర్చిన విలువలు చేతికి రాగానే, వానినన్నిటిని ఒకే వరుసగా చదును చేయు 'ఫ్లాట్' అను సాధనమును ప్రయోగింతురు. తల్లిదండ్రులకు తెలియునట్లు చెప్పవలెనన్న, బస్తాలోని సంచులను విప్పి గింజలన్నియు నొక చాపమీద పోయుట వంటిది. అది తప్పని మేమనము. కాని యే గింజ యే సంచిలోనిదో పిమ్మట చాప చెప్పజాలదు.

ఒక తరగతి మార్కులు తీసికొందము. మొదటి సెక్షనులో ముగ్గురు, రెండవ దానిలో నొక్కడు. హాజరు సంఖ్యలు 1 మొదలు 4 వరకు. మొదటివానికి 72, మూడవవానికి 58, నాలుగవవానికి 64. రెండవవాడు పరీక్షకు రాలేదు గనుక రెండు కామాల నడుమ చోటు ఖాళీగా విడిచిరి. దీనిని చదును చేసిన వచ్చునది 72, 58, 64 మాత్రమే. ఖాళీ చోట్లను ఫ్లాట్ విడిచిపెట్టును. ఇప్పుడు వరుసక్రమమున మార్కులు పంచిన, పరీక్ష వ్రాయని బాలునికి 58 వచ్చును. వ్రాసిన నాలుగవవానికి ఏమియు మిగులదు. యంత్రము తప్పని యొక్క మాటయైనను పలుకదు. ఆ పిల్లవాని తండ్రికి మన మేమని చెప్పుదుము?

ఆ ఖాళీలో 'నల్' అని వ్రాసిన చోటు నిలుచును. అంతకంటె మేలైనది, ప్రతి మార్కును హాజరు సంఖ్యతో కలిపి యొక ఆబ్జెక్టుగా నుంచుట. ఫ్లాట్ వరుసలనే విప్పును గాని ఆబ్జెక్టులను విప్పదు. సంఖ్యయు మార్కును విడిపోవు. సెక్షను పేరుకూడ కావలెనన్న, 'ఫ్లాట్‌మ్యాప్'తో ప్రతి విద్యార్థికి దానిని తగిలించి, యొక అంతరువు చదును చేయవచ్చును.

ఈ రెండు సాధనములును 2019వ సంవత్సరపు ప్రమాణముతో భాషలో చేరినవి. అంతకు ముందు చాలమంది యా పనిని స్వయముగా వ్రాసికొనెడివారు: లోపల వరుస కనబడిన, ఫంక్షను మరల తన్నుతానే పిలుచుకొని దిగును, విలువ కనబడిన ఫలితములో చేర్చును. పిల్లలు దీనిని ఒక్కమారైనను వ్రాయవలెనని మా పట్టుదల. ఊరకున్న ఫ్లాట్ ఒక అంతరువే దిగునని యెరుగక, పని కాలేదని వెంటనే 'ఇన్ఫినిటీ' యని వ్రాయువారే యెక్కువ. లోతెంతయో చూడక అంతులేని లోతునకు ఆజ్ఞ యిచ్చుట మాకు రుచింపదు. ముందు పలకమీద పట్టిక ఆకారమును గీయు విద్యార్థికి, విడ యొకింత తప్పినను, మేము మార్కులు వేయుదుము.

రాబోవు పరీక్షలో ఖాళీ చోటున్న పట్టికనే యిచ్చెదము.