ఎంగిలి వాద్యం



డప్పు మీద రాసిన పోయిన భాగం చదివి చాలామంది విద్యార్థులు ఇంచుమించు ఒకే మాట అడిగారు. "సార్, డప్పు మనది. సన్నాయి గుడి వాద్యం, పెళ్ళి వాద్యం. దాని ముచ్చట మనకెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. ఈ భాగమంతా దానికి జవాబే.

ముందు మనం మాట్లాడే భాషను చూడండి. ఎవడైనా తన గురించి తాను గొప్పలు చెప్పుకుంటే "సొంత డప్పు కొట్టుకుంటున్నాడు" అంటాం. నాయకుడిని పొగిడేవాడు "బాకా ఊదుతున్నాడు". ఎత్తిపొడుపు మాటలు "సన్నాయి నొక్కులు". ప్రతిదానికీ తలూపేవాడు "తందానతాన" అంటాడు. పాడేవాళ్ళ, వాయించేవాళ్ళ బతుకులోంచి తీసిన మాటలే ఇవన్నీ, అన్నీ తిట్లే. "వీణ మీటకు" అని ఎవరూ ఎవరినీ వెక్కిరించరు. తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా నాకు కనిపించేది ఇది: ఏ వాద్యం ఎవరి ఇంట్లో ఉందో చూసి నుడికారం దానికి మర్యాద ఇచ్చింది. తిట్టయిన వాద్యాల వరసలో డప్పు, సన్నాయి పక్కపక్కనే ఉన్నాయి.

ఇప్పుడు వాద్యం సంగతి. రెండు రెల్లు రేకులు ఒకదానికొకటి ఆనించి కట్టిన పీక. దాన్ని నోట్లో పెట్టుకుని ఊదితే రేకులు రెండూ అదురుతాయి. కింద గొట్టం పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఊరి సన్నాయి, ఉత్తరాది షెహనాయి, దక్షిణాది నాదస్వరం, తోలుబొమ్మలాటలో వినిపించే చిన్న ముఖవీణ, పడమటి దేశాల ఓబో, అన్నీ ఈ ఇంటి బిడ్డలే. బ్యాండుమేళంలోని క్లారినెట్‌కి రేకు ఒకటే, దాని ఇల్లు వేరు. జంట రేకుల గొంతు చీల్చుకుంటూ పోతుంది. గోడల మధ్య చెవులు చిల్లులు పడేలా ఉంటుంది కానీ ఆరుబయట వందల మంది గోలలో కూడా విడిగా వినపడుతుంది. ఇది ఆరుబయలు కోసం పుట్టిన శబ్దం.

ఆరుబయట నిలబడింది ఎవరు? ఊళ్ళో పెళ్ళి జరిగే తీరు గుర్తు తెచ్చుకోండి. మంత్రం పందిరి లోపల. సన్నాయి పందిరి అంచున. డప్పు రోడ్డు మీద. చాలాచోట్ల సన్నాయి మంగళి కులస్థులదో, దూదేకుల ముస్లింలదో; డప్పు మాదిగలది. దేవుడికీ వాద్యానికీ మధ్య ఎన్ని అడుగుల దూరమో కొలిస్తే చాలు, కులం మెట్లు లెక్కపెట్టొచ్చు. బాబాసాహెబ్ చెప్పిన శ్రేణీకృత అసమానత పుస్తకంలోనే ఉందనుకోవద్దు, పెళ్ళిపందిట్లో చెవులకు వినిపిస్తుంది. డప్పు కొట్టే మనిషి కన్నా తాను ఒక మెట్టు పైనున్నానని సన్నాయి ఊదే మనిషి అనుకుంటాడు. ఇద్దరికీ భోజనాలు మాత్రం చివరి బంతిలోనే.

పెళ్ళిలో ఆ వాద్యానికి ఇచ్చిన పనేమిటో కూడా చూడండి. తాళి కట్టే క్షణంలో పంతులు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటాడు. ఎందుకు? ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, అశుభం మాట అన్నా వినపడకూడదని. ఏళ్ళ తరబడి రాగం సాధన చేసిన మనిషి ఊపిరి అక్కడ తుమ్మును కప్పెట్టే దుప్పటి. దానికి పెట్టిన పేరు మంగళవాద్యం. వాద్యం మంగళం, వాయించేవాడి కులం పేరేమో తిట్టు.

ఇంకో సంగతి. తోలు ముట్టుకుంటే మైల అన్న కులశాస్త్రానికి ఎంగిలి కూడా మైలే. సన్నాయి పీక నోట్లోకి పోతుంది, ఉమ్మితో తడిస్తే తప్ప పలకదు. వేణువు కూడా నోటి వాద్యమే కదా అంటారా? వేణువు పెదవిని తాకి ఆగుతుంది, పైగా దానికి కృష్ణుడు జామీను ఉన్నాడు. పీకకు జామీను ఎవరూ లేరు. డప్పుకు తోలు మైల, సన్నాయికి ఎంగిలి మైల. మృదంగం వాయించేవాడికి సభలో శాలువా, దానికి తోలు బిగించేవాడికి పేరు కూడా లేని కథను టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్'లో రాశాడు. ఆ పుస్తకం ఆవిష్కరణకు ముందు ఇచ్చిన అనుమతిని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. సన్నాయి మీద అంత పుస్తకం తెలుగులో రావాలి. పరిశోధక విద్యార్థులు ఈ మాట రాసిపెట్టుకోండి.

యూరప్‌లో ఈ వాద్యం కథ వేరే దారి పట్టింది. ఓబో అన్న పేరు ఫ్రెంచి 'ఓబ్వా' నుంచి వచ్చింది. బిగ్గరగా పలికే కర్ర అని అర్థం. అక్కడా దీని పూర్వీకులు ఊరేగింపులో, ఆరుబయట మోగినవే. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి పనివాళ్ళు దాన్ని గది లోపలికి సరిపడేలా మలిచారు. ఇవాళ ఏ ఆర్కెస్ట్రాలోనైనా కచేరీ మొదలయ్యే ముందు ఓబో ఒక్క స్వరం ఊదుతుంది, మిగతా వాద్యాలన్నీ దానికి శ్రుతి చేసుకుంటాయి. వీధిలో మోగిన వాద్యం అందరికీ శ్రుతి ఇచ్చే స్థానానికి వచ్చింది. మన దగ్గర వాద్యం లోపలికి వచ్చింది కానీ మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆ గుమ్మం దాటడానికి కొట్లాడినవాళ్ళు లేకపోలేదు. పైబట్ట నడుముకు చుట్టుకుని నిలబడి ఊదాలన్న కట్టుబాటును తమిళనాట టి.ఎన్. రాజరత్నం పిళ్ళై తెంచేశాడు. కోటు తొడుక్కుని వేదిక మీద కూర్చుని వాయించాడు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్ళిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అయ్యాడు. ఆ జిల్లాలోనే, ఈదుమూడిలో, 1994 జులై 7న దండోరా పుట్టింది. నాదస్వరం ఊదే ఆడమనిషి కాలీషాబీకి, ఆమె భర్త షేక్ మహబూబ్ సుభానీకి 2020లో పద్మశ్రీ వచ్చింది. 1962లో 'మురిపించే మువ్వలు'లో ఎస్. జానకి గొంతుతో పోటీపడిన నాదస్వరం కారుకురిచ్చి అరుణాచలంది. పాట వినని తెలుగువాడు అరుదు, ఊదినవాడి పేరు తెలిసినవాడు అంతకన్నా అరుదు.

వీళ్ళు గుడిలోనో సభలోనో చోటు దొరికినవాళ్ళు. ఆ చోటు కూడా లేని జంట రేకుల వాద్యం మన తెలంగాణలో ఉంది. ఆదిలాబాద్‌లో తోటీలు, పర్ధాన్లు ఊదే పెప్రె. కేస్లాపూర్ నాగోబా జాతరలో, దండారిలో, కాలికోమ్, తుడుం పక్కన దాని గొంతు వినండి. కేస్లాపూర్ ఉన్నది ఇంద్రవెల్లి మండలంలో. ఇంద్రవెల్లి అంటే ఏమిటో ఈ వ్యాసాలు చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. జర్మనీలో 1904లో హెకెల్‌ఫోన్ అనే లావుపాటి ఓబోను తయారుచేశారు. ఇప్పటిదాకా తయారైనవి ఇంచుమించు 150 అని లెక్క ఉంది. మరి పెప్రెలు ఎన్ని మిగిలాయి? పీక కట్టడం వచ్చిన చేతులు ఎన్ని? అరుదైన వాద్యం అన్న మాటకు అక్కడ భద్రం చేయమని అర్థం. ఇక్కడ ఆఖరి మనిషి పోయాక సంతాపసభ పెట్టడమని అర్థం.

ఇక మన సికింద్రాబాద్. లష్కర్ బోనాలకు వచ్చినవాళ్ళు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని వినండి. డప్పు మనిషి కొడుతున్నదే. సన్నాయి మాత్రం చాలాసార్లు కీబోర్డులోంచి వస్తుంది. ఒక మీట నొక్కితే షెహనాయి, ఇంకోటి నొక్కితే నాదస్వరం. బోనాల డీజే పాటల్లోనూ అదే. ఎక్కడో ఒక మనిషి ఊదిన ఊపిరిని ముక్కలుగా కోసి పెట్టెలో దాచారు. ఆ పెట్టెకు స్వరం తెలుసు, స్వరాల మధ్య దారి తెలియదు. నాదస్వర విద్వాంసుడు గమకాన్ని వేళ్ళతో ఎంత పలికిస్తాడో పీక మీద పెదవి బిగింపుతో, ఊపిరి ఒత్తిడితో అంత పలికిస్తాడు. నోరు లేని పెట్టెకు అది చేతకాదు. చూడండి విచిత్రం: ఎంగిలి తీసేశారు, శబ్దం ఉంచుకున్నారు. కులం ఎప్పటినుంచో కోరుకున్నది ఇదే. మనిషి అంటకుండా మనిషి పని.

సినిమా చేసేదీ ఇంతకు మించి లేదు. కిన్నెర ఊదే వాద్యం కాదు, అయినా దాని కథ ఇక్కడ చెప్పాలి. దర్శనం మొగులయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' పాటలో మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగులయ్య కట్టడం పనిలో కూలీగా కనిపించాడని పత్రికలు ఫోటోలతో సహా రాశాయి. పాటకు కావలసింది అరుదైన శబ్దం. ఆ శబ్దం వెనక ఉన్న డొక్క కాదు.

దీనికి ఎదురుగా ఒక నల్లజాతి సంగీతకారుణ్ణి చూపిస్తాను. యూసఫ్ లతీఫ్. శాక్సఫోన్ మీద పేరు తెచ్చుకున్నవాడు తెల్లవాళ్ళ ఆర్కెస్ట్రా వాద్యమైన ఓబోను చేతిలోకి తీసుకున్నాడు. 1961 నాటి 'ఈస్టర్న్ సౌండ్స్'లో ఆ ఓబోతో బ్లూస్ పలికించాడు. మన షెహనాయి కూడా ఊదాడు. తన సంగీతాన్ని జాజ్ అంటే ఒప్పుకోలేదు, దానికి తనే ఒక పేరు పెట్టుకున్నాడు. ఏ వాద్యం ఊదాలో, దాన్ని ఏమని పిలవాలో తనే నిర్ణయించుకున్నాడు. మనకు కావలసింది సరిగ్గా ఈ నిర్ణయమే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. "కులవృత్తిని పొగుడుతున్నారా సార్? బాబాసాహెబ్ వదిలేయమన్నారు కదా?" నిజమే. 1927లో మహద్‌లో ఆయన ఎంగిలి మెతుకులు, చచ్చిన గొడ్డు మాంసం మానేయమన్నారు. ఊరి చావుకు డప్పు కొట్టం అని తెగేసి చెప్పిన ప్రతి వాడా ఆ మాటనే నిలబెట్టింది. సన్నాయి కట్ట అటక మీద పెట్టి కొడుకును ఇంజినీరింగ్‌కి పంపిన తండ్రిని నిలదీసే హక్కు ఎవరికీ లేదు. "అయ్యో, కళ అంతరించిపోతోంది" అని ఏసీ గదుల్లో కన్నీళ్ళు పెట్టేవాళ్ళు ముందు తమ పిల్లల చేతికి ఆ పీక ఇవ్వాలి. వాయించను అని చెప్పే హక్కు ముందు. నా ఇష్టంతో, నా ధరకు, కూర్చుని వాయిస్తాను అనే హక్కు తర్వాత. మొదటిది లేకుండా రెండోది వెట్టి అవుతుంది. రెండోది లేకుండా మొదటిది చేతిలో ఉన్న విద్యను ఊరికే పారేసుకోవడం అవుతుంది.

డప్పు ఈ రెండు మెట్లూ ఎక్కింది. చావు డప్పును గద్దర్ సభలో మోగించాడు, దండోరా దాన్ని జెండా చేసింది. వెట్టి గుర్తు ఆత్మగౌరవ గుర్తు అయింది. సన్నాయికి, ముఖవీణకు, పెప్రెకు అలాంటి ఉద్యమం ఇంకా రాలేదు. అవి మంగళి, దూదేకుల, ఆదివాసీ చేతుల్లో ఉన్నాయి కాబట్టి మనవి కావనుకుంటే బహుజన ఐక్యత అన్న మాట గోడ మీద రాతే. కులం మనల్ని పందిరి అంచున ఒకరిని, రోడ్డు మీద ఒకరిని నిలబెట్టింది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టే పని మనది.

అందుకు చేయగలిగినవి ఉన్నాయి. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ హైదరాబాద్ నగర పోలీసులు 2024 అక్టోబర్ 1న ఉత్తర్వులిచ్చారు. డీజే ఖాళీ చేసిన జాగాలోకి కీబోర్డు రాకముందే మనిషి రావాలి. ఏప్రిల్ 14 ఊరేగింపుతో మనమే మొదలుపెడదాం. డప్పు పక్కన సన్నాయిని పిలుద్దాం. డబ్బు ముందు మాట్లాడుకుందాం, బేరమాడొద్దు. అన్నం మొదటి బంతిలో. కరపత్రంలో వక్తల పేర్ల పక్కనే వాద్యకారుల పేర్లు. టీటీడీకి తిరుపతిలో నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల ఉంది. అది దేవుడి సేవకు. మన సికింద్రాబాద్‌లో భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అది ప్రజల డబ్బుతో నడిచేది. ఊరి సన్నాయి, పెప్రె నేర్పే గురువుకు అక్కడ ఉద్యోగం, జీతం అడుగుదాం. డిగ్రీ కాగితం లేని గురువు అయినా సరే.

అక్కడ ఎవరైనా నేర్చుకోవచ్చు. మాదిగ అమ్మాయి నేర్చుకోవాలి, గోండు కుర్రాడు నేర్చుకోవాలి, బ్రాహ్మణ కుర్రాడూ రావాలి. గురువు తన నోట్లోంచి తీసి ఇచ్చిన పీకను ఆ కుర్రాడు తుడవకుండా నోట్లో పెట్టుకున్న రోజు కులం ఒక్క మెట్టు దిగినట్టు.

వచ్చే భాగంలో తుడుం గురించి.

జై భీమ్.