తెర ముందు, తెర వెనుక

నాటకశాలలో నటుడు తెర వెనుకకు పోయినంతమాత్రమున అతని పాత్ర ముగిసినదని ప్రేక్షకు లెవ్వరును తలంపరు. వేషము మార్చుకొనుటకు పోయెనో, దాహము తీర్చుకొనుటకు పోయెనో వారికి తెలియదు. తెలిసిన దొక్కటే: అతడిప్పుడు రంగముపై లేడు. మొబైల్ ఫోనునందలి యాప్‌ల సంగతియు నిట్టిదే. ఎదుట కనబడుచున్న యాప్ రంగముపై నున్నది. మరుగుపడినది నేపథ్యమున నున్నది. నాటకమునకును ఫోనునకును 'తెర' యను నొక్క మాటయే సరిపోవుట తెలుగువారికి కలిసివచ్చిన సౌకర్యము.

ఈ రాకపోకలను నడపు సూత్రధారి ఆపరేటింగ్ సిస్టమ్. అది పంపు పిలుపులనుబట్టియే యాప్ తన స్థితిని గ్రహింపవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలో యాప్ యొక్క ఒక్కొక్క పుటను యాక్టివిటీ యందురు. పుట కనబడునప్పుడు ఆన్‌స్టార్ట్ అనియు, వాడుకకు సిద్ధమైనప్పుడు ఆన్‌రెజ్యూమ్ అనియు, ప్రాధాన్యము తొలగినప్పుడు ఆన్‌పాజ్ అనియు, పూర్తిగా మరుగైనప్పుడు ఆన్‌స్టాప్ అనియు పిలుపులు వచ్చును.

ఇది సులభముగనే తోచును. కాని ఆన్‌పాజ్ వచ్చినంతనే యాప్ నేపథ్యమునకు పోయినదని నిశ్చయించినచో పొరపాటగును. ఒకే యాప్‌లో మొదటి పుటనుండి రెండవ పుటకు పోవునప్పుడును మొదటిదానికి ఆ పిలుపు వచ్చును. ముందుగదినుండి వంటయింటిలోనికి పోయినవానిని చూచి ఇల్లు విడిచిపోయెననుట యెట్టిదో, ఇదియు నట్టిదే. అందుచేత నేర్పరులు కనబడుచున్న పుటలను లెక్కించుచుందురు. క్రొత్త పుట కనబడిన పిదపనే పాతపుటకు ఆన్‌స్టాప్ వచ్చును గనుక ఆ లెక్క సున్నకు దిగదు. సున్న యైనచో యాప్ మరుగైనదన్నమాట. దీనికిని ఒక చిక్కు గలదు. ఫోనును నిలువునుండి అడ్డమునకు త్రిప్పినచో సాధారణముగా సిస్టమ్ ఆ పుటను తొలగించి మరల నిర్మించును. ఆ క్షణమున లెక్క సున్నయగును. 2017లో గూగుల్ విడుదల చేసిన ప్రాసెస్ లైఫ్‌సైకిల్ ఓనర్ అను సాధనము ఇందులకే 700 మిల్లీసెకనులు వేచియుండి, అప్పటికిని ఏ పుటయు తిరిగి రానిచో, యాప్ నేపథ్యమునకు పోయినదని ప్రకటించును. యంత్రమే తీర్పునకు ముందు కొంత ఓపిక పట్టుచున్నది.

ఈ ఓపిక కొన్ని పరీక్షల యాప్‌లకు లేదు. 2020లో కరోనా వ్యాధి మూలముగా పాఠశాలలు మూతపడగా చదువులును పరీక్షలును ఫోనులోనికి వచ్చినవి. విద్యార్థి పరీక్షా పుటను విడిచి వేరొకదానిలో జవాబులు వెదకునేమో యను శంకతో, యాప్ నేపథ్యమునకు పోయిన ప్రతిసారియు తప్పుగా లెక్కించి, తప్పులు మితిమీరినచో పరీక్షనే ముగించివేయు ఏర్పాట్లు వెలసినవి. శంక నిరాధారము కాదు. కాపీ కొట్టువారు లేకపోలేదు. ఐనను ఈ తీర్పు న్యాయమైనది కాదు.

ఏలయన, పిలుపు చెప్పునది స్థితిని మాత్రమే, కారణమును కాదు. ఇంటిల్లిపాదికిని ఒక్కటే ఫోనున్న కుటుంబములో పరీక్ష నడుమ తండ్రికి రావలసిన కాల్ వచ్చును. దాని నందుకొన్నచో సంభాషణ పుట పైకి వచ్చి పరీక్ష మరుగగును. ఇంతకంటె విచిత్రమైనది మరొకటి గలదు. బాలిక యొకతె కఠినమైన లెక్కను కాగితముపై చేయుచు కొంతసేపు ఫోనును తాకకున్నచో, యాప్ రూపకర్తలు తగిన జాగ్రత్త పడనియెడల, తెర దానంతటదే ఆరిపోవును; వెంటనే ఆన్‌స్టాప్ వచ్చును. ఆలోచించినందులకే ఆమె పేరున ఒక తప్పు చేరును! పైనుండి నోటిఫికేషన్ల పట్టీని క్రిందికి లాగినచో ఐఫోనులో యాప్ 'ఇనాక్టివ్' అను స్థితికి మారును. ఆండ్రాయిడ్‌లో ఆన్‌పాజ్ కూడ రాదు. ఒకే పని యొక ఫోనులో నేరమై వేరొక ఫోనులో కానిచో దానిని నేరమనుట ఎట్లు? ఇక, ప్రక్కనే రెండవ ఫోనును పెట్టుకొని జవాబులు వెదకువానిని ఈ కావలి కనిపెట్టనే లేదు. రెండు ఫోనులున్నవాడు తప్పించుకొనును. ఒక్కటే యున్నవాడు చిక్కును.

యాప్ తాను మరుగగుట నెరుగవలసినది పిల్లలను పట్టుకొనుటకుగాక వారి పనిని కాపాడుటకు. నేపథ్యముననున్న యాప్‌ను, జ్ఞాపకశక్తి చాలనప్పుడు, సిస్టమ్ చెప్పకయే తొలగింపవచ్చును. కడపటి పిలుపైన ఆన్‌డెస్ట్రాయ్ వచ్చునను నమ్మకము లేదు. కావున ఆన్‌స్టాప్ నాటికే వ్రాసిన జవాబులన్నియు భద్రపరుపబడవలెను. కాల్ ముగించి వచ్చు విద్యార్థికి తాను విడిచిన వాక్యము విడిచినచోటనే కనబడవలెను.

పరీక్షలో తెర విడుచుటను గుర్తింపవలదని కాదు. ఎప్పుడు మరుగైనదో, ఎంతసేపటికి మరలివచ్చినదో యాప్ వ్రాసియుంచవచ్చును. మరలివచ్చిన విద్యార్థిని కారణ మడిగి, ఆతని మాటను ఆ లెక్క ప్రక్కనే చేర్చి ఉపాధ్యాయునికి పంపవచ్చును. నాలుగు నిమిషములు ఒకేసారి పోయినవానికిని, నాలుగు సెకనులు పోయినవానికిని గల భేదమును ఆయన యెరుగును; ఆ యింటి పరిస్థితియు నెరుగును. ఈ పద్ధతి యెట్టిదో పరీక్షకు ముందుగనే, మొదటి పుటలోనే, పిల్లలకు తెలియునట్లు తెలుగులో వ్రాయవలెను.