తెప్ప తగలేసిన వాళ్ళం

సింగపూర్ ఆంగ్ మో కియోలో మా బ్లాక్ కిందే బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. సాయంత్రమైతే బంతి నేలకు కొట్టిన చప్పుడు ఏడో అంతస్తు దాకా వస్తుంది. పిల్లాడు లెక్కలు చేసుకుంటున్నాడని మేం కిటికీ మూసేస్తాం. ఆ కిటికీ మూసిన చేతుల్లో నావి కూడా ఉన్నాయని ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా చిన్నవాడు జూనియర్ కాలేజీ మొదటి ఏడాదిలో ఉన్నాడు. తప్పు కాలేజీది కాదు కాబట్టి దాని పేరు చెప్పను. నేషనల్ స్కూల్ గేమ్స్‌లో ఎ డివిజన్ పోటీలు అయిపోగానే జె టూ, అంటే రెండో ఏడాది కుర్రాళ్ళు ఏడుగురు జట్టులోంచి తప్పుకున్నారు. ఏడాది చివర ఎ లెవెల్ పరీక్షలున్నాయి, తప్పుకోవడం న్యాయమే. పన్నెండు మందిలో ఐదుగురు మిగిలారు. వాళ్ళలో ఒకడి మోకాలికి పట్టీ. ఇద్దరు "ట్యూషన్ ఉంది కోచ్" అన్నారు. ఆ ఇద్దరూ తెలుగిళ్ళ పిల్లలే, ఒకడు మావాడు.

ఓ లెవెల్ రాసి వచ్చే పిల్లలతో నడిచే ఇలాంటి కాలేజీకి ఏడాది చివరి ఖాళీ నెలలు ఎంత విలువైనవో తెలియక పోగొట్టుకున్నామంటే అదో ఊరట. మాకు తెలుసు. సెకండరీ స్కూల్ చివర రాసే ఆ ఓ లెవెల్ ఫలితాలు జనవరిలో వస్తాయి. కొత్త పిల్లలు కాలేజీలో అడుగుపెట్టేసరికి ఫిబ్రవరి. ఇంకొన్ని వారాలకే పోటీలు. వాళ్ళు ఒకరి పేరు ఒకరు సరిగ్గా పలకడం నేర్చేలోపే మొదటి మ్యాచ్ వచ్చి పడుతుంది. అదే హ్వా చోంగ్, రాఫుల్స్ లాంటి చోట్ల ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రామ్ పిల్లలు ఓ లెవెల్ రాయకుండా ఆరేళ్ళూ ఒకే సంస్థలో చదువుతారు. పన్నెండు, పదమూడేళ్ళ వయసు నుంచి ఒకరికొకరు పాస్ ఇచ్చుకున్న చేతులవి. వాళ్ళతో తలపడాలంటే మనకున్న దారి ఒక్కటే. మిగిలిన ఐదుగురూ నవంబరు, డిసెంబరు సెలవుల్లో కలిసి చెమటోడ్చాలి, ఫిబ్రవరిలో వచ్చినవాళ్ళను తమలో కలుపుకోవాలి. ప్రతిభ చూసి సీటిచ్చే డైరెక్ట్ స్కూల్ అడ్మిషన్ కింద ఈసారి ఒక పాయింట్ గార్డ్ వస్తాడని కోచ్ ఆశ. రింగు కింద నిలబడే పొడుగుపాటి వాడు మాత్రం ఇంకా దొరకలేదు. వాలీబాల్ వాళ్ళను అడిగి చూస్తానన్నాడు.

శనివారం కాఫీషాపులో నలుగురు తెలుగు నాన్నలం కూర్చుని ఇదంతా చర్చించాం. కోచ్‌కు పిల్లలను పోగుచేయడం రాదన్నాడొకాయన. "అది చైనీయుల ఆట, కోర్టులో మాండరిన్‌లోనే అరుచుకుంటారు, మనవాళ్ళకు బంతి ఇవ్వరు" అన్నాడింకొకాయన. మనవాళ్ళు పొట్టి అన్నది నేనే. మావాడు నాకంటే జానెడు పొడుగు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మా వరస. నిజం చెప్పాలంటే ఆ జట్టును ఖాళీ చేసింది మేమే.

ఈ దేశంలో 2004 నుంచీ పిల్లల్ని ఆటలో ప్రతిభ చూసి కూడా బడిలో చేర్చుకుంటున్నారు. ఆ మాట చెవిన పడగానే మేం పిల్లలకు బూట్లు కొన్నాం, శిక్షణకు డబ్బు కట్టాం, తెల్లవారుజామున లేపి కోర్టుకు తోలాం. కోరుకున్న బడిలో సీటు వచ్చింది. వచ్చాక కొన్నాళ్ళకే "ఇక చాలు, చదువు మీద పడు" అన్నాం. ఆ సీటు ఇచ్చిందే ఆడతాడని. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు చేశాం. మరి కొందరం సీటు దాకా కూడా పోలేదు. సెకండరీ స్కూల్లో సీసీఏ, అంటే ఆటల్లాంటి పాఠ్యేతర కార్యక్రమాలు, బాగా చేస్తే కాలేజీ చేరేటప్పుడు రెండు పాయింట్లు కలిసొస్తాయి. ఆ రెండు పాయింట్లు చేతికందగానే మా ఇళ్ళలో బంతి షూ ర్యాక్ వెనక్కి పోయింది.

ఆడపిల్లల సంగతి ఇంకా సిగ్గుచేటు. మా అన్నయ్య కూతురు మా ఇంట్లో ఉండి చదివిన రెండేళ్ళలో కోర్టుకు వెళ్తానని ఎన్నిసార్లు అడిగిందో. ఎండకు నల్లబడతావన్నాం. ఆ మాట అన్నది పెద్దవాళ్ళెవరో కాదు, నేనూ నా భార్యా.

ఇక ట్యూషన్. 2023 గృహ వ్యయ సర్వే లెక్కలో సింగపూర్ కుటుంబాలు ఏడాదికి ట్యూషన్లకు పెట్టిన ఖర్చు 180 కోట్ల సింగపూర్ డాలర్లు. అందులో మా నలుగురి వాటా గట్టిదే. పక్కింటి పిల్లాడు కెమిస్ట్రీకి వెళ్తే మావాడూ వెళ్ళాలి. శిక్షణ ఉన్న సాయంత్రమే ట్యూషన్ సమయం కుదిరిందంటే అది కాకతాళీయమని చెప్పుకున్నాం. మేం మార్చమని అడిగితే కదా!

మేమంతా తొంభైల్లో ఇంటర్మీడియట్ చదివినవాళ్ళం. అపార్ట్‌మెంటులో కాలేజీ, పై అంతస్తులో హాస్టల్, తెల్లారకముందే స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఆట స్థలం అన్న మాట ప్రాస్పెక్టస్‌లో తప్ప ఎక్కడా కనపడేది కాదు. ఆ చదువును ఇప్పటికీ తిట్టుకుంటాం, పిల్లలకు ఆ బాధ వద్దనే ఇక్కడికి వచ్చామని చెప్పుకుంటాం. తీరా చూస్తే ఇంటికింద కోర్టున్న ఊళ్ళో ఏడో అంతస్తులో అదే కాలేజీ పెట్టాం. ఫీజు డాలర్లలో కడుతున్నాం, అంతే తేడా.

మూడేళ్ళ క్రితం పెద్దవాడి విషయంలోనూ ఇదే జరిగింది. ధనుర్మాసం రాకముందే గుంటూరులో పెళ్ళి, తర్వాత విజయవాడలో అమ్మమ్మగారిల్లు అంటూ ఐదు వారాలు సెలవంతా తిప్పాం. తిరిగొచ్చేసరికి జట్టు రెండు కొత్త ఎత్తుగడలు నేర్చుకుంది, వాడికి ఒక్కటీ రాదు. జనవరిలో మానేశాడు. "వాడే మానేశాడు, మేం ఒక్క మాట అనలేదు" అని అందరికీ చెప్పాం. ఆ మాట నిజమే, అందుకే ఇంకా సిగ్గేస్తుంది.

వాడిప్పుడు నేషనల్ సర్వీసులో, ఇక్కడి నిర్బంధ సేవలో ఉన్నాడు. మొన్న శనివారం క్యాంపు నుంచి బుక్ ఔట్ అయి వచ్చినప్పుడు తను మానేసిన ఏడాది ఆఖరి మ్యాచ్ సంగతి మొదటిసారి చెప్పాడు. కాలేజీ యూనిఫాంలో గ్యాలరీలో కూర్చున్నాడట. నాలుగో క్వార్టర్‌లో సెంటర్‌కు ఐదో ఫౌల్ పడింది. బెంచీ మీద ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ పొట్టివాళ్ళే. ఆరు పాయింట్ల తేడాతో పోయింది. ఆ వారమే ఉగాది పచ్చడి కోసం వరసలో నిలబడ్డ మాలో ఒక్కరికీ మ్యాచ్ ఉందని కూడా తెలియదు.

"ఓడిపోయినందుకు కాదు నాన్నా, కోచ్ నన్ను చూసి చెయ్యి ఊపాడు. కోపం లేదు ఆయనకు" అన్నాడు. తర్వాత తమ్ముడి గదిలోకి వెళ్ళి ఒకే మాట చెప్పాడు. "డిసెంబరులో ఊరెళ్ళకురా."

చిన్నవాడు తలెత్తి నా వైపు చూశాడు.

టికెట్లు జూన్‌లోనే కొనేశాను. ఈసారి కూడా శిక్షణ తేదీలు అడగలేదు. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో చూశాను. తేదీ మార్చుకుంటే పడే రుసుము వాడి కెమిస్ట్రీ ట్యూషన్‌కు నెలకు కట్టేదాంట్లో సగం కూడా లేదు.

ఇది రాస్తున్న పొద్దుకి ఇంకా మార్చలేదు.