మెట్ట నుంచి సంగమానికి

మాఘమాసంలో నూజివీడు తోటలకు వెళితే తలపైన పూత, కాళ్ల కింద ఎర్రమట్టి. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు... ఏ కొమ్మ చూసినా గుత్తులే. చూసేవారికి అది కన్నుల పండుగ. కాపు మీద ఆశ పెట్టుకున్న రైతుకు గుబులు. మబ్బు పట్టినా, పొద్దెక్కేదాకా మంచు విడవకపోయినా తేనెమంచు పురుగు పూతలోని పస పీల్చేస్తుంది, వెనకాలే బూడిద తెగులు వస్తుంది. పిందె నిలిచేదాకా తోట విడిచి వెళ్లడానికి మనసొప్పదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మాఘ పౌర్ణమి వస్తుంది. హంసలదీవిలో వేణుగోపాలస్వామి కల్యాణం, కృష్ణమ్మ కడలిలో కలిసే చోట పుణ్యస్నానం.

అయినా తీర్థానికి బయలుదేరతారు. నూజివీడు నుంచి హంసలదీవి నూరు కిలోమీటర్లకు పైనే. హనుమాన్ జంక్షన్ దగ్గర పెద్దరోడ్డు దాటి గుడివాడ దారి పట్టగానే మట్టి రంగు మారిపోతుంది. ఎరుపు పోయి నలుపు వస్తుంది. బోరు నీళ్లను లెక్కపెట్టుకుని వాడుకునే మెట్టవాళ్లు కాలువ గట్ల వెంట సాగుతూ ఆ పల్లపు నేలను కళ్లప్పగించి చూస్తారు. వరి కోసిన మళ్లలో ఆ వేళకు మినుము కాయ పట్టి ఉంటుంది. పామర్రు దాటాక కూచిపూడి. ఆ ఊరి పేరు చెబితే చాలు, ఏ దేశంలోనైనా తెలుగు నాట్యం గుర్తుకొస్తుంది. తర్వాత చల్లపల్లి, మోపిదేవి. సుబ్బారాయుడికి మొక్కున్నవారు అక్కడ దిగి పుట్టలో పాలు పోసి మరీ ముందుకు కదులుతారు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ అడ్డొస్తుంది. కింద నది, దాని మీదుగా అక్విడక్టులో కాలువ నీరు అవతలి దివిసీమకు వెళుతుంటుంది. ఆ వైపుకు దాటితే అవనిగడ్డ, కోడూరు. అక్కడి నుంచి రోడ్డు సన్నబడుతుంది. వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు, చెరువులు తగ్గి మడ అడవులు వస్తాయి. గాలిలో ఉప్పు తెలుస్తుంది.

ఈ తీర్థానికి ఒక కథ ఉంది. లోకుల పాపాలన్నీ కడిగి కడిగి గంగమ్మ నల్లబడిపోయిందట. కాకి రూపం ధరించి తీర్థాలన్నీ తిరుగుతూ మునగమని, ఎక్కడ తెల్లని హంసగా మారితే అక్కడ పాపం పోయినట్టని విష్ణువు చెప్పాడట. ఎన్నో తీర్థాల్లో మునిగినా పోని నలుపు ఈ సంగమంలో పోయిందట. ఇది భక్తుల కథ, నమ్మకం వారి వారి ఇష్టం. కానీ ఎందరి మురికినో మోసిన నదికి కూడా ఒక స్నానం కావాలని తలచిన ఆ పల్లె ఊహకు చేతులెత్తి మొక్కాలి. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి నాలుగు రాష్ట్రాల పొలాలు తడిపి, ఊళ్ల దాహం తీర్చి, కాలువలకు పంచి పెట్టగా మిగిలిన నీటితో కృష్ణమ్మ ఇక్కడికి చేరుతుంది.

ఈ తీరం పండుగలే కాదు, పెను విషాదాన్నీ చూసింది. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలను తీసుకుపోయింది. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటికీ ఇక్కడ కాలాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని చెప్పుకునే పెద్దలున్నారు. ఆ తర్వాత కూడా ఈ జనం సముద్రానికి పసుపు కుంకుమలు వేయడం మానలేదు, పై ఊళ్ల నుంచి వచ్చినవారికి నీడ, నీళ్లు ఇవ్వడమూ మానలేదు. మెట్టవాళ్లకు ఈ కడలి మరీ పరాయిదేమీ కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే నూజివీడు రైతు గుండె ఝల్లుమంటుంది. వేసవిలో కాయ మీదున్నప్పుడు ఒక్క ఈదురుగాలి చాలు, ఏడాది కష్టం నేల రాలడానికి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, హంసలదీవి కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. మొక్కులకు జిల్లాల హద్దు లేదు కాబట్టి ప్రయాణం ఆగలేదు. మారింది వెళ్లే తీరు. ఇప్పుడు తెల్లవారుజామున కారెక్కి, హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప తీరంలో మునిగి, ఫొటోలు దిగి, మధ్యాహ్నానికల్లా తిరుగు ముఖం పట్టేవారే ఎక్కువ. పండుగ జరిగే ఊరి ముఖమైనా చూడకుండా తిరిగి వస్తే అది తీర్థయాత్ర అనిపించుకోదు.

ఈ తీరానికి వచ్చే ఇంకొక అతిథికి మాఘం ప్రసవకాలం. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఈ ఇసుక మీదికి వస్తాయి. గొయ్యి తవ్వి, ఒక్కొక్కటీ వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. అటవీశాఖ వారు ఆ గుడ్లు ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను కడలిలోకి వదులుతారు. వెలుతురు కనబడితే తల్లి బెదిరి వెనుదిరుగుతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల సముద్రమనుకుని దీపాల వైపు పాకి చచ్చిపోతుంది. కడలిలో తేలే ప్లాస్టిక్ సంచిని తాబేలు జెల్లీచేప అనుకుని మింగుతుంది. వేలాదిమంది మునిగి లేచిన మర్నాడు ఆ ఇసుకలో ఏం మిగులుతుందో చూసినవారికి తెలుసు. సీసాలు, సంచులు, విడిచిన బట్టలు. పాపం కడుక్కోవడానికి వెళ్లి కొత్త పాపం మూటగట్టుకోవడం న్యాయం కాదు.

ఈసారి మాఘ పౌర్ణమికి వెళ్లేవారు వీలుంటే ముందురోజు సాయంత్రానికే చేరండి. స్వామి కల్యాణం చూడండి. ఆ ఊరి హోటల్లో తినండి, ఆ ఊరి కొట్లో కొబ్బరికాయ కొనండి. ఉప్పెన చూసిన పెద్దలెవరైనా కబుర్లు చెబితే కాసేపు కూర్చుని వినండి. ఇసుకలో రాత్రి పూట లైట్లు వేయకండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి. కాపు దిగాక ఒక బుట్ట చిన్నరసాలు దివిసీమలో పరిచయమైన ఇంటికి పంపండి.