ఓడిన చిత్రం – వీడని అభిమానం

కొంతకాలంగా మన పట్టణాలలో ఒక వింత జరుగుతున్నది. కొత్త చిత్రాలు ఎన్నో వారం తిరగకముందే ప్రదర్శనశాలలను విడిచి వెళ్ళిపోతుండగా, పది పదిహేను సంవత్సరాల నాటి చిత్రాలు తిరిగి వచ్చి తెల్లవారుజాము ఆటలకు సైతం జనాన్ని రప్పించుకొంటున్నవి. 2022 ఆగస్టులో ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకొన్న ఈ పునర్విడుదలల వరుస ఆ తరువాత ఆగలేదు. విజయం పొందిన చిత్రాన్ని మరల చూడగోరడంలో ఆశ్చర్యం లేదు. కాని 2010లో విడుదలై నిరాశ మిగిల్చిన ‘ఆరెంజ్’ 2023లోను, అదే సంవత్సరం వచ్చి అదే విధంగా దెబ్బతిన్న ‘ఖలేజా’ 2025 మే నెలలోను తిరిగి వచ్చినప్పుడు, ప్రేక్షకులు పాటలకు గొంతు కలిపి, సంభాషణలను నటుల కంటె ముందే పలికి పండుగ చేసుకొన్నారు. నాడు కాదన్న చిత్రాన్ని నేడు నెత్తిన పెట్టుకోవడంలోని రహస్యమేమి?

ఇది కేవలం వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఒక కళాఖండంపై మొదటి వారం వెలువడే తీర్పునకు విలువ ఎంత? ఆ తీర్పును తిరుగదోడే అభిమానం ఏమి చేయగలదు? ఏమి చేయవలసి ఉన్నది? మన పునర్విడుదలల వయస్సు ఇంకను చిన్నది. కనుక ఈ ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే, ఓటమికీ ఆదరణకూ మధ్య అరశతాబ్దం గడిచిన ఉదాహరణ ఒకటి కావాలి. అటువంటిది అమెరికాలో ఉన్నది. దాని పేరు ‘గన్ క్రేజీ’.

జోసెఫ్ హెచ్. లూయిస్ దర్శకత్వంలో, దాదాపు నాలుగు లక్షల డాలర్ల స్వల్పవ్యయంతో, సుమారు నెలరోజులలో తీసిన చిన్న చిత్రమిది. నిర్మాతలైన కింగ్ సోదరులకు హాలీవుడ్‌లో పెద్దపీట లేదు. నాయికగా నటించిన పెగ్గీ కమిన్స్, నాయకుడుగా నటించిన జాన్ డాల్ పేరు మాత్రాన జనాన్ని రప్పించగల తారలు కారు. 1950 ఆరంభంలో ‘డెడ్లీ ఈజ్ ద ఫీమేల్’ అనే పేరుతో ఇది విడుదలయింది. జనం రాలేదు. అదే సంవత్సరం పేరు మార్చి ‘గన్ క్రేజీ’ అని మరల విడుదల చేశారు. అప్పుడూ రాలేదు. వ్యాపారుల లెక్కలో దాని కథ అంతటితో ముగిసింది.

ఇక చిత్రకథ. బార్ట్ అనే బాలునకు తుపాకులంటే వల్లమాలిన మక్కువ. ఎంత గురిగా కాల్చగలడో అంత జాలిగుండె వాడు. చిన్ననాడు ఒక కోడిపిల్లను కాల్చి చంపి, ఆ దుఃఖంతో ఇక ఏ ప్రాణినీ చంపలేని స్థితికి వచ్చాడు. దుకాణం అద్దం పగులగొట్టి తుపాకి దొంగిలించినందుకు సంస్కరణ పాఠశాలకు పోయి, సైన్యంలో పనిచేసి, పెరిగి పెద్దవాడై స్వగ్రామం చేరుతాడు. ఊరికి వచ్చిన సంతలో తుపాకి విద్య ప్రదర్శించే ఆనీ లోరీ స్టార్ అనే యువతిని చూస్తాడు. పోటీలో ఆమెను గెలుస్తాడు, జీవితాన్ని ఓడిపోతాడు. పెండ్లి అయిన కొద్దికాలానికే చేతిలోని సొమ్ము కరిగిపోతుంది. దారిద్ర్యాన్ని భరించనన్న భార్య మాట కాదనలేక అతడు దోపిడీలకు పూనుకొంటాడు. చివరకు ఆమె తుపాకికి నిండు ప్రాణాలు బలి అవుతాయి. పోలీసులు వెంటాడగా ఇద్దరూ పొగమంచు కమ్మిన చిత్తడినేలలో చిక్కుకొంటారు. లొంగిపొమ్మని చెప్పడానికి బార్ట్ చిన్ననాటి మిత్రులు ఇద్దరు నిరాయుధులై వస్తారు. వారిని కాల్చబోయిన భార్యను అతడు తానే కాల్చివేస్తాడు. ఏ ప్రాణినీ చంపలేనివాడు జీవితంలో చంపిన మనిషి ఒక్కతే. ఆమె అతడు ప్రాణాధికంగా ప్రేమించినది. మరుక్షణం పోలీసుల గుండ్లకు తానూ కూలిపోతాడు.

ఇంతటి కథ ఆనాడు ఎందుకు ఎవరి దృష్టికీ రాలేదు? తారల బలం లేదు, పెద్ద సంస్థ ప్రచారం లేదు అన్నది మొదటి కారణం. నేరచిత్రం అనగానే చులకనగా చూచే అలవాటు రెండవది. వీటికి తోడు చిత్రంలోనే దాగిన రహస్యం మరొకటి ఉన్నది. తెరపై రచయితలుగా కనిపించిన పేర్లు రెండు. పత్రికలో అచ్చయిన తన కథానికను తానే చిత్రకథగా మలచిన మెకిన్లే కాంటర్ ఒకరు. మిల్లర్డ్ కాఫ్మన్ రెండవవారు. కాఫ్మన్ ఈ చిత్రానికి ఇచ్చినది తన పేరు మాత్రమే. అసలు వ్రాసినది డాల్టన్ ట్రంబో. 1947లో అమెరికా ప్రతినిధుల సభ సంఘం ఎదుట తన రాజకీయ విశ్వాసాలను గూర్చి సమాధానం చెప్ప నిరాకరించినందుకు ట్రంబో హాలీవుడ్ నుండి బహిష్కృతుడయ్యాడు. 1950లో చెరసాల అనుభవించాడు. చిత్రం ప్రదర్శనశాలలకు వచ్చిన సంవత్సరమే దాని రచయిత జైలుకు పోయాడన్నమాట. ఆ విషయం ప్రేక్షకులకు తెలియదు. తెలియనిచ్చే కాలమూ కాదు.

స్వదేశం పట్టించుకోని ఈ చిత్రాన్ని మొదట గుర్తించినవారిలో ఫ్రెంచి విమర్శకులున్నారు. 1955లో రేమోన్ బోర్డ్, ఎతియెన్ షోమెతోన్ అనే ఇద్దరు అమెరికా నేరచిత్రాలను గూర్చి వెలువరించిన గ్రంథంలో దీనికి గౌరవస్థానం ఇచ్చారు. ఫ్రెంచి సినిమాలో కొత్తగాలి తెచ్చిన గొదార్ వంటి దర్శకులు ఇటువంటి చిన్న చిత్రాలను చూచి, అభిమానించి, పాఠాలు నేర్చినవారే. 1967లో ‘బానీ అండ్ క్లైడ్’ ప్రపంచమంతటా సంచలనం కలిగించినప్పుడు, దానికి పదిహేడేండ్ల ముందు నడిచిన పెద్దక్క ఒకటి ఉన్నదని విమర్శకులు గుర్తుచేసుకొన్నారు. పాత చిత్రాలు వేసే చిన్నశాలలలో, అర్ధరాత్రి టెలివిజన్ ప్రసారాలలో, ఆపై వీడియో టేపులలో ఒక్కొక్కరుగా అభిమానులు చేరారు. 1998లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీనిని జాతి పదిలపరచుకోవలసిన చిత్రాల పట్టికలో చేర్చింది. రెండు పేర్లతోనూ ఓడిన చిత్రం నలుబది ఎనిమిదేండ్లకు జాతీయ సంపద అయింది.

ఈ అభిమానం దేనిపై నిలిచినది? రెండు ఘట్టాలను చూస్తే తెలుస్తుంది. హాంప్టన్ అనే ఊరిలో బ్యాంకు దోపిడీ జరిగే దృశ్యం మూడు నిమిషాలకు పైగా ఎక్కడా కోత లేకుండా సాగుతుంది. కెమెరా కారు వెనుక సీటు వదలదు. బ్యాంకు లోపల ఏమి జరుగుతున్నదో మనకు చూపదు. బయట వేచి ఉన్న ఆమె ఆదుర్దా మనకు అంటుకొంటుంది. డబ్బు లేక కుదించుకొన్న దృశ్యమే కళగా పరిణమించింది. రెండవది, ఇక ఎవరి దారి వారిదని నిశ్చయించుకొని ఇద్దరూ వేరువేరు కార్లలో ఎదురెదురు దిక్కులకు బయలుదేరే ఘట్టం. కొంతదూరం పోయి రెండు కార్లూ ఒక్కసారే వెనుదిరుగుతాయి. అప్పటికి వారి నాశనం ఖాయమైనదని వారికి తెలుసు, మనకూ తెలుసు. అయినా విడిపోలేరు. ప్రేమ మనిషిని ఉద్ధరిస్తుందని వేయి చిత్రాలు చెప్పినవి. అదే ప్రేమ వివేకాన్ని విడిచినప్పుడు మనిషిని ఎంత లోతునకు ఈడ్చగలదో ఇది చెప్పింది.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక సందేహం కలుగుట సహజం. నేరగాండ్రను నాయకులుగా చేసిన చిత్రాన్ని అభిమానించడం నేరాన్ని మెచ్చుకోవడం కాదా? కాదని నా అభిప్రాయం. ‘గన్ క్రేజీ’ నేరస్థులను క్షమించదు; అర్థం చేసుకొంటుంది. ఈ రెండింటికీ గల భేదాన్ని గ్రహించడమే సాహిత్యం చదివినందుకు ఫలం. దుర్యోధనుని తొడలు విరిగినప్పుడు కలిగే జాలి అతని దుర్నీతికి మెప్పుకోలు కాదు గదా! విద్యార్థికి ఈ భేదం బోధపరచిన ఉపాధ్యాయుడు అతనిని ఎటువంటి చిత్రానికి పంపినా భయపడనక్కరలేదు.

అభిమానం ఎంత గాఢమైనదన్న దానికంటె అది ఏమి సాధించినదన్నది ముఖ్యం. మొదటిది, మరుగుపడిన పేరు వెలుగులోకి రావడం. దశాబ్దాల తరువాత కాఫ్మన్ తానే కోరగా, రచయితల సంఘం ఆ గౌరవాన్ని ట్రంబోకు అప్పగించింది. తనది కాని కీర్తిని వలదన్న కాఫ్మన్ సంస్కారమూ స్మరింపదగినదే. రెండవది, మనుషులను సకాలంలో సత్కరించుకోవడం. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన చిత్రోత్సవంలో ఎనుబది ఏడేండ్ల పెగ్గీ కమిన్స్ స్వయంగా వేదికనెక్కి, తనను మరువని ప్రేక్షకుల కరతాళధ్వనులు విన్నది. 2017లో ఆమె కన్నుమూసింది. ఆ నాలుగేండ్ల ఎడమే లేకున్న ఆ సంతోషం ఆమెకు దక్కేది కాదు.

మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. ఆ ఉత్సవాన్ని నడిపేది, ఎడ్డీ ముల్లర్ అనే రచయిత 2005లో స్థాపించిన ఫిల్మ్ నువార్ ఫౌండేషన్. ఉత్సవాల టిక్కెట్ల ఆదాయాన్ని, అభిమానుల విరాళాలను అది శిథిలమవుతున్న పాత నేరచిత్రాలను బాగుచేయించడానికి వినియోగిస్తున్నది. ‘వుమన్ ఆన్ ద రన్’ అనే 1950 నాటి చిత్రం కథ వినదగినది. హత్యను కన్నులారా చూచి భయంతో పారిపోయిన భర్తను వెదుకుతూ, వెదకులాటలోనే అతనిని మరల ప్రేమించిన భార్య ఇతివృత్తం అది. అమెరికాలో మిగిలి ఉన్న మంచి ప్రింటు 2008లో ఒక పెద్ద స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి బూడిద అయింది. అభిమానులు అంతటితో నిట్టూర్చి ఊరకుండలేదు. లండన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వద్ద ఉన్న ప్రతి ఆధారంగా, లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయ చిత్రాగారం సహాయంతో ఆ చిత్రాన్ని పునరుద్ధరింపజేసి 2015లో తెరపైకి తెచ్చారు. అభిమానం కేకలతో ఆగక చేతలలోకి దిగితే కలిగే ఫలమిది.

ఇప్పుడు మన సంగతి చూచుకొందాము. మన అభిమానానికి ఉత్సాహం కొరత లేదు. కాని పునర్విడుదల అవుతున్నవి ఏ చిత్రాలు? అధికభాగం గత పాతిక ముప్పై సంవత్సరాల లోపలివి. నేడు వెలుగులో ఉన్న తారలవి. చాలవరకు ఆ తారల జన్మదినాలకు వచ్చేవి. ఇందులో తప్పు లేదు. ఆ పేరున కొన్ని చిత్రాలకైనా మెరుగైన డిజిటల్ ప్రతులు తయారగుట లాభమే. అయితే తారపై అభిమానం వేరు, చిత్రంపై అభిమానం వేరు. తార వెలుగు తగ్గిన నాడు మొదటిది తగ్గుతుంది. రెండవది తెలియని తారల చిత్రాన్ని కూడ అరశతాబ్దం తరువాత వెదికి తెచ్చుకొంటుంది.

వెదికితే దొరకవలె గదా! 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ను నేడు చూచే భాగ్యం మనకు లేదు. రఘుపతి ప్రకాశ్ తీసిన మూకీలు పుస్తకాలలో పేర్లుగానే మిగిలినవి. భారత జాతీయ చలనచిత్ర భాండాగారం పుణెలో 1964లో ఏర్పడింది. అప్పటికే దేశంలోని మూకీలలో అత్యధికభాగం నశించినవి. ఉన్నవాటిలోనూ నైట్రేటు రీళ్ళు ఎన్నో 2003 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయినవి. పోగొట్టుకొన్నవాటిలో ఎన్ని గొప్పవో, ఎన్ని కావో తేల్చే అవకాశమే లేకపోయింది. మొదటి వారం ఇచ్చిన తీర్పే వాటికి కడపటి తీర్పు అయింది.

ఆశకు తావు లేకపోలేదు. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ 2019లో హైదరాబాదులో చిత్రపరిరక్షణ విద్యలో శిక్షణ శిబిరం నిర్వహించింది. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా ఆ సంస్థ, జాతీయ భాండాగారం కలసి ఆయన చిత్రాలు పదింటిని దేశంలోని పలు నగరాలలో ప్రదర్శించినవి. అందులో ‘దేవదాసు’, ‘మాయాబజార్’ వంటి జగద్విదితమైన చిత్రాలతోపాటు ‘సుడిగుండాలు’ కూడ ఉన్నది. యువకుల నేరప్రవృత్తిని విచారించిన ఆ చిత్రం 1968లో ఆదుర్తి సుబ్బారావుకు ప్రశంసలు తెచ్చినంతగా ధనం తేలేదు. అరశతాబ్దం దాటిన తరువాత దానిని మరల తెరపై చూడగలిగినామంటే, ఎవరో దాని ప్రతిని పదిలపరచి ఉంచినందువలననే.

కనుక పునర్విడుదలలు జరిపించే అభిమాన సంఘాలకు ఒక మనవి. ప్రతి ప్రదర్శన ఆదాయంలో స్వల్పభాగమైనా ఒక పాత చిత్రం ఉద్ధరణకు కేటాయించండి. ఏ తార పేరున చేసినా, ఆ తార కీర్తికి అది తరగని కానుక అవుతుంది. ఉపాధ్యాయులు చేయదగిన పనీ ఉన్నది. పాత చిత్రాల పాటల పుస్తకాలు, కరపత్రాలు, గోడపత్రికలు మన గ్రామాలలో ఏ అటకలమీదనో చెదలకు ఆహారమవుతున్నవి. వాటిని సేకరించి, చిత్రం పేరు, సంవత్సరం, రచయిత, ఛాయాగ్రాహకుడు, కూర్పరి పేర్లతో పట్టికలు వ్రాయించండి. తారల పేర్లు తప్ప ఎరుగని విద్యార్థికి, ఒక చిత్రం వెనుక ఎందరి శ్రమ ఉన్నదో ఆ పట్టికయే నేర్పుతుంది. మరుగుపడిన ట్రంబోలు మన భాషలోనూ ఉండవచ్చును.

మొదటి వారం తీర్పు ఇచ్చేది టిక్కెట్ల పెట్టె. దానిపై అప్పీలు చేసుకొనే హక్కు ప్రతి చిత్రానికీ ఉన్నది. కాని రీలు మిగిలి ఉన్నప్పుడే ఆ అప్పీలు విచారణకు వస్తుంది. మనం నేడు తిరస్కరించిన చిత్రాన్ని మెచ్చగలవారు ఇంకా పుట్టి ఉండకపోవచ్చును. వారి కొరకైనా దానిని భద్రపరచడం మన విధి.