చెప్పవలసిన చోట మౌనం



ఈ వారం మా తప్పు ఒకటి ఒప్పుకొని మాట మొదలుపెట్టాలి. కొన్ని నెలల క్రితం ఆదివారం ప్రసంగంలో ఫోన్ మోసాల గురించి చెబుతూ, "ఆశపడినవాళ్ళే మోసపోతారు" అన్నాము. చాలామంది తలలూపారు. ఒక సహోదరి మాత్రం తల వంచుకున్నది. అంతకు రెండు రోజుల ముందే ఆమె డబ్బు పోయింది. ఆ సంగతి అప్పటికి మాకు తెలియదు.

ఆమెకు వీడియో కాల్ వచ్చింది. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి, వెనుక పోలీసు స్టేషన్‌లాంటి గది. "హైదరాబాదులో ఉన్న మీ అబ్బాయి గంజాయి కేసులో దొరికాడు. ఫోన్ పెట్టవద్దు, ఎవరికీ చెప్పవద్దు" అన్నాడు. కొడుకు పేరు కూడా చెప్పాడు. గేదె కొందామని దాచిన డ్వాక్రా అప్పు డబ్బు 40,000 రూపాయలు ఆమె పంపేసింది. సాయంత్రం కొడుకు ఫోన్ చేసి, "అమ్మా, అన్నం తిన్నావా?" అన్నాడు. అప్పుడు అర్థమైంది. అయినా పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి మా ఇంటికి వచ్చి ఏడ్చింది. "ఆశపడినవాళ్ళే మోసపోతారని మీరే అన్నారు కదా అయ్యగారూ, ఇంక ఏ మొహంతో చెప్పను?" అన్నది.

ఆమె దేనికి ఆశపడింది? బిడ్డ కోసం భయపడింది, అంతే.

యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం చదవండి. గిబియోనీయులు పాత చెప్పులు, చినిగిన సిద్దెలు, బూజుపట్టిన రొట్టెలు చూపించి దూరదేశస్థులమని నమ్మించారు. యెహోషువ అంతటివాడే మోసపోయాడు. అది దురాశ కాదు. కంటికి కనబడినదాన్ని నమ్మి, ప్రభువును అడగకుండా తొందరపడడమే అక్కడి పొరపాటు. నేటి ఖాకీ చొక్కా కూడా ఆ బూజుపట్టిన రొట్టెవంటిదే. అసలు "డిజిటల్ అరెస్టు" అనేది మన చట్టంలోనే లేదు. 2024 అక్టోబరు 27న రేడియోలో ప్రధానమంత్రిగారు స్వయంగా ఈ మాట చెప్పారు.

దొంగకు కావలసినది మన ఒంటరితనం. అందుకే మొదట "ఎవరికీ చెప్పవద్దు" అంటాడు. డబ్బు పోయాక ఆ పని మనమే చేస్తున్నాము. "చదువుకొని కూడా ఇంత తెలివితక్కువా?" అని మనం నవ్విన ప్రతిసారీ ఇంకొకరి నోరు మూయిస్తున్నాము. ఆ మౌనం ఖరీదు చాలా ఎక్కువ. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేసే అవకాశం ఉంటుంది. మన పొరపాటు వల్ల సొమ్ము పోయినా, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదేనని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అంటే చెప్పిన గంట ముఖ్యం. ఆ సహోదరి పదకొండు రోజులు పోగొట్టుకున్నది. అందులో మా ప్రసంగానికీ వాటా ఉన్నది.

మరి కొడుకు పేరు ఆ మనిషికెలా తెలిసింది? మేము చెప్పలేము. కానీ ఆ రాత్రి మన సంఘపు ప్రార్థన గ్రూపు తెరిచి చూసి సిగ్గుపడ్డాము. ఫలానా అక్కగారి కుమారుడు, ఫలానా ఊళ్ళో ఉద్యోగం, ఫోన్ నంబరు, ఒకచోట ఆధార్ కార్డు ఫొటో. అన్నీ మేము పెట్టినవే, మీరు పంపినవే. హిజ్కియా రాజు బబులోను దూతలకు తన ఖజానా అంతా చూపించినప్పుడు యెషయా ప్రవక్త ఏమని హెచ్చరించాడో మనకు తెలుసు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు ఇచ్చింది. సహోదరుని రహస్యం కాపాడడం సంఘానికి అంతకన్నా ముందునుంచే ఉన్న బాధ్యత.

చెప్పవలసిన చోట మౌనంగా ఉంటున్నాము, మౌనంగా ఉండవలసిన చోట అన్నీ చెబుతున్నాము. ఈ రెండూ మార్చుకోవాలి.

ఇకమీదట గ్రూపులో ప్రార్థన మనవికి పేరు చాలు. జబ్బు వివరాలు, నంబర్లు, కార్డులు పెట్టవద్దు. పాతవి మేము తొలగిస్తున్నాము. మనకు డబ్బు రావడానికి పిన్ నొక్కే పని లేదని, తెలియని ఫైలు తెరవకూడదని మీ ఇంటి పెద్దవారికి ఓపికగా చెప్పండి. ఎవరైనా మోసపోతే అర్ధరాత్రైనా మా తలుపు తట్టండి. ఎందుకు పంపావని అడగము. ముందు 1930కి ఫోన్ చేస్తాము, తరువాత కలిసి మోకరిస్తాము.

ఆ సహోదరికి ఆ డబ్బు ఇంకా తిరిగి రాలేదు. ఆమె అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము. సంఘమంతటి ముందు ఆమెను క్షమాపణ అడుగుతున్నాము.

ప్రభువు మనకు వివేకాన్ని, ఒకరి భారం ఒకరు మోసే మనసును దయచేయును గాక. ఆమేన్.